బావురుపిల్లికి గట్టు మీద హక్కుందా?

కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట, నాగాయలంక, కోడూరు, రేపల్లె వైపు మడ అడవుల్లో బావురుపిల్లి బతుకుతోంది. ఇంటిపిల్లి కన్నా చాలా పెద్దది. బాగా ఎదిగిన మగది పదహారు కిలోల దాకా తూగుతుంది. బూడిదరంగు ఒంటి మీద నల్లమచ్చలు వరసలు తీరి ఉంటాయి, నుదుటి మీద గీతలుంటాయి. పిల్లి జాతి నీళ్లంటే జంకుతుందని మనకో నమ్మకం. ఇది మాత్రం మెడలోతు నీళ్లలో దిగి ఈదుతూ చేపను పడుతుంది. రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి జీవితమంతా దివిసీమలో గడిపినవాళ్లలో కూడా దాన్ని కళ్లారా చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లలో సగం మంది చిరుతపిల్ల అనుకుంటారు. ఆ పొరపాటుకు ప్రాణం పోయేది పిల్లికే.

మా పెదనాన్నకు నాగాయలంక మండలంలో రెండు వనామి రొయ్యల చెరువులు, ఒక బొచ్చె, శీలావతి చెరువు ఉన్నాయి. మా అత్తయ్య విజయవాడలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైంది. ఈ పిల్లి గురించి అన్నాచెల్లెళ్ల మధ్య వాదన చాలాకాలంగా సాగుతోంది. ఈ సంక్రాంతికి జరిగినదాన్ని దాదాపు వాళ్ల మాటల్లోనే రాస్తున్నాను. నాది అత్తయ్య పక్షమని ముందే చెబుతున్నాను. అయినా పెదనాన్న అడిగినవాటిలో కొన్నింటికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్నల పదును తగ్గించకుండా రాశాను.

పెదనాన్న: ముందు ఒక సంగతి తేల్చమ్మా. రాత్రి రెండింటికి ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి టార్చి పట్టుకుని గట్టు మీద నడిచేది నేను. కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తేది నేను. చెరువులో చేప తగ్గితే పోయేది నా డబ్బు. ఆ పిల్లి అక్కడ ఉండి తీరాలని చెప్పేది మాత్రం విజయవాడలో ఉన్న నువ్వు. ఇదేం న్యాయం?

అత్తయ్య: న్యాయం కాదు, ఒప్పుకుంటాను. కానీ అన్నయ్యా, అది నీ చెరువు వెతుక్కుంటూ రాలేదు. నాన్న రోజుల్లో ఆ భూమిలో ఏముండేది? జమ్ము, తుంగ. వానాకాలంలో మోకాలిలోతు నీళ్లు. పక్కనే పాయ, ఆ పక్క మడ. బావురుపిల్లి ఇల్లంటే అదే. నువ్వు చెరువు తవ్వాక దాని ఇంట్లో నీ చేపలున్నాయి.

పెదనాన్న: జమ్ము, తుంగ అంటే వినడానికి బాగానే ఉంటుంది. అది చౌడు. వరి వేస్తే పెట్టుబడి కూడా తిరిగొచ్చేది కాదు. 90ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చి మొదటిసారి మా చేతిలో నాలుగు డబ్బులు పెట్టింది. 94లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఉన్నది ఊడ్చుకుపోయింది. ఎంతమంది ఊళ్లు వదిలిపోయారో నీకు తెలుసు. 2009లో వనామికి అనుమతిచ్చాక మళ్లీ లేచాం. మా ఇద్దరు ఆడపిల్లల కాలేజీ ఫీజులు ఆ చౌడు నేలలోంచే వచ్చాయి. ఇప్పుడొచ్చి అది పిల్లి ఇల్లంటే ఎలా?

అత్తయ్య: వాళ్ల చదువులకు విలువ లేదని నేనెప్పుడూ అనను. నువ్వే చెప్పు, ఈ ముప్పై ఏళ్లలో నిన్ను ముంచినవేవి? తెల్లమచ్చ, వైట్ గట్, నాసిరకం సీడ్, మేత ధర, పట్టుబడి రోజుకి పడిపోయే కౌంట్ రేటు. ఇందులో బావురుపిల్లి ఎక్కడుంది?

పెదనాన్న: లేదు. నిజమే. కానీ ఒక మాట విను. వైరస్‌ని నేను కొట్టలేను. అమెరికా వాడు సుంకం పెంచితే వాణ్ణేమీ చెయ్యలేను. రేటు కోసిన కొనుగోలుదారుణ్ణి ఎదిరిస్తే రేపు నా సరుకు తీసుకోడు. పిల్లి ఒక్కటే నా చేతికి అందేది. అప్పులో ఉన్నవాడు రాత్రిపూట గట్టు మీద రెండు కళ్లు మెరవడం చూస్తే కర్ర తీసుకోక ఏం చేస్తాడు?

(ఈ వాదన మొత్తంలో ఇంత నిజమైన మాట ఇంకొకటి లేదు. వన్యప్రాణుల మీద పడే దెబ్బల్లో చాలా భాగం వేరే ఎవరి మీదో ఉన్న కోపంలోంచి పుట్టినవే. ఆ కోపానికి కారణం ఏమిటో అడగకుండా రైతుకు జంతుప్రేమ నేర్పబోతే ఫలితం ఉండదు.)

అత్తయ్య: నీ కోపం అర్థమైంది. అది ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి కదా. నీ చెరువులో చేప తినేవాళ్లను లెక్కపెట్టు. కొంగలు, నీటికాకులు ఉన్నాయి. నీరుకుక్కలు గుంపుగా దిగితే వల కూడా చింపేస్తాయి. ఇవన్నీ తిన్నది బావురుపిల్లి ఖాతాలో రాస్తున్నారు. అది ఒంటరిగా తిరిగే జంతువు. లోతు నీళ్ల మధ్యకి పోయి చెరువంతా కలియబెట్టదు. అవసరమైతే ఈదుతుంది కానీ, ఎక్కువగా గట్టువారనే కూర్చుని, అంచుకొచ్చిన దాన్ని పడుతుంది. ఆక్సిజన్ తగ్గిన తెల్లవారుజామున చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది చూడు, ముందు దొరికేది అదే. ఆ చేప ఎలాగూ నీకు దక్కేది కాదు.

పెదనాన్న: ఆ చివరి మాట నీ ఊహ.

అత్తయ్య: అవును, అది నా ఊహే. తిండి సంగతి మాత్రం ఊహ కాదు. భరత్‌పూర్‌లో దాని మలం పరీక్షించిన అధ్యయనం ఒకటి 1993లో అచ్చయింది. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు చేపే. మిగతాది పక్షులు, ఎలుకలు, పురుగులు. ఎలుకల మాట ఎందుకు ఎత్తుతున్నానో నీకు తెలుసు. మొన్న నీ రెండో చెరువు గట్టు ఎందుకు జారింది?

పెదనాన్న: పందికొక్కు బొరియలు.

అత్తయ్య: ఆ పందికొక్కును రాత్రిపూట పట్టేవాళ్లు ఎవరున్నారు? పాము, గుడ్లగూబ, నక్క, ఈ పిల్లి. ఒక్కొక్కదాన్నే తరిమేసి, తర్వాత బొరియలో మందు పెట్టడానికి కూలీని పిలుస్తున్నావు.

పెదనాన్న: అది తినే పందికొక్కులెన్ని, నా చేపలెన్ని? నీ దగ్గర లెక్కుందా? లేదు. ఉంటే చూపించు, రేపే గట్టు మీద దానికి పాక వేయిస్తాను. లెక్క లేకుండా లాభం ఉందంటే నేనెందుకు నమ్మాలి?

అత్తయ్య: సరే, లాభం మాట వదిలేద్దాం. నీకు ఉపయోగపడుతుంది కాబట్టి బతకనివ్వమని అడగడం నాకూ ఇష్టం లేదు. అసలు విషయం చెబుతాను. ఆ జంతువు ఎలాంటిదో ఒకసారి చూడు. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. లోపలిది ఎంత దట్టమంటే చలినీళ్లలో దిగినా చర్మం తడవదు. వేళ్ల మధ్య కొంతమేర పలచని చర్మం ఉంటుంది. గోళ్లను లోపలికి ముడుచుకున్నా కొనలు బయటికే కనిపిస్తాయి. జారే చేపను పట్టాలి కదా. తోక పొట్టిగా, బలంగా ఉంటుంది. ప్రపంచంలో పిల్లిజాతులు నలభై దాకా ఉన్నాయి. వాటిలో చిత్తడి నేలల్లో చేపల వేట మీద ఇంతగా ఆధారపడి బతికేవి చాలా తక్కువ. దక్షిణాసియాలో, ఆగ్నేయాసియాలో అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్కగా మిగిలింది. జావాలో బహుశా అంతరించిపోయింది. మన కృష్ణ, గోదావరి ముఖాలు దానికి మిగిలిన మంచి చోట్లలో రెండు. ఈ పాయల పక్కన పుట్టిన మనకు ఆ సంగతి పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది?

పెదనాన్న: అది గొప్ప జంతువు కాదని నేనన్నానా? నేనూ చూశాను. నీళ్లలోంచి లేచి ఒక్కసారి ఒళ్లు విదిలించి గట్టు దాటి పోయింది. ఆ రాత్రి కర్ర నా చేతిలోనే ఉంది. చెయ్యి లేవలేదు. కానీ గొప్పదైనంత మాత్రాన నా చెరువులోనే ఎందుకు ఉండాలి? దానికి అభయారణ్యం ఉందిగా. సొర్లగొంది, నాచుగుంట, అవతల లంకెవానిదిబ్బ. అంత అడవి ఇచ్చారు, అక్కడ ఉండమను.

అత్తయ్య: కృష్ణా అభయారణ్యాన్ని 1989లో ప్రకటించారు. విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. వినడానికి ఎక్కువే. అందులో పాయలు, బురదనేలలు, ఇసుకతిన్నెలు పోను మడ ఎంత మిగిలిందో చూడు. ముక్కలు ముక్కలుగా ఉంది, మధ్యలో చెరువులున్నాయి. నీటిదారి వెంట తిరిగే జంతువుకు హద్దురాయి కనపడదు. మూర్తి కంటిమహంతి వంటి పరిశోధకులు ఈ డెల్టాలో కెమెరాలు పెట్టి చూశారు. అభయారణ్యం లోపలే కాదు, బయట కూడా పిల్లి ఉంది. కోరింగలో 2018 సర్వేలో 115 ఉన్నాయని అంచనా వేశారు. ఒడిశావాళ్లు 2022లో చిలికా సరస్సు దగ్గర లెక్క తీస్తే 176 తేలాయి. రక్షిత ప్రాంతం వెలుపల ఈ పిల్లి సంఖ్యను అంచనా వేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ పనిలో అక్కడి మత్స్యకారులూ పాల్గొన్నారు. అంటే ఈ పిల్లి బతకాలా వద్దా అన్నది అడవి ఆఫీసు ఒక్కటే తేల్చేది కాదు. గట్టు మీద నువ్వు కూడా తేలుస్తావు.

పెదనాన్న: ఆ మాట అన్నావు కాబట్టి చెబుతున్నాను. తేల్చేది నేనైతే నన్ను అడిగారా? ఊళ్లోకి వచ్చేది జీపు. చెప్పేది చట్టం. ఈ పిల్లిని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలట. పులికి ఎంతో దీనికీ అంతేనట.

అత్తయ్య: అవును. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూల్‌లో ఉంది.

పెదనాన్న: శిక్ష పులితో సమానం. మరి నష్టపరిహారం? ఏనుగు అరటితోట తొక్కితే ఫొటో తీసుకుంటారు, పులి ఆవును చంపితే వచ్చి చూస్తారు. నీళ్లలో చేప పోతే ఏం చూపించను? ముల్లు చూపించనా? తెల్లారేసరికి కాకులు దాన్నీ ఉంచవు.

(అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. నాకూ ఏమీ తోచలేదు.)

అత్తయ్య: ఆస్ట్రేలియాలో ఒక కథ ఉంది, విను. వాలబీ అని, కంగారూ కన్నా చిన్నది. అందులో ఒక జాతికి మెడ నుంచి భుజాల మీదుగా కళ్లెం వేసినట్టు తెల్లటి చార ఉంటుంది, తోక చివర గోరులాంటి ముల్లు ఉంటుంది. 1937 తర్వాత ఎవరికీ నిర్ధారణగా కనపడలేదు. అంతరించిపోయిందని అనుకున్నారు. 1973లో క్వీన్స్‌లాండ్‌లో, డింగో అనే చిన్న ఊరి దగ్గర పశువుల భూముల్లో కంచెలు వేసే పనివాడు ఒకాయన ఒక పత్రికలో అంతరించిన జంతువుల గురించి చదివాడు. ఇది నేను రోజూ చూసేదే కదా అనుకున్నాడు. శాస్త్రవేత్తలకు కబురు పెట్టాడు. అలా ఆ జాతి మళ్లీ లెక్కలోకి వచ్చింది. ముప్పై ఆరేళ్లు చదువుకున్నవాళ్లకు దొరకని జంతువు కంచె పనివాడికి తెలుసు. నువ్వు నాకు అలాంటివాడివి. ఆ పిల్లి ఏ డ్రెయిన్ పక్క తిరుగుతుందో, ఏ నెలలో పిల్లలు పెడుతుందో నీకూ, మన ఊరి యానాదులకూ తెలిసినంత నాకు తెలియదు.

పెదనాన్న: బాగుంది. ఆ తర్వాత ఆ పశువుల భూములేమయ్యాయి?

అత్తయ్య: ప్రభుత్వం కొన్నది. ఇప్పుడది టాంటన్ జాతీయ పార్కు.

పెదనాన్న: చూశావా! కొన్నది. యజమానికి డబ్బిచ్చి కొన్నది. ఆ జంతువు ఖర్చు దేశం మొత్తం పంచుకుంది. ఇక్కడ నా పిల్లి ఖర్చు నేనొక్కణ్ణే మోయాలి. నీ కథ నా పక్షాన్నే నిలబడింది.

అత్తయ్య: నిలబడింది. ఒప్పుకుంటున్నాను.

పెదనాన్న: ఇంకొకటీ ఒప్పుకో. చిత్తడి నేల, చిత్తడి నేల అని నాకు చెబుతావు. బెజవాడలో మీరేం చేశారు? బుడమేరు నీళ్లు పరుచుకునే చోట కాలనీలు కట్టారు. 2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్‌లో మేడ మీద నిలబడి పాల ప్యాకెట్ కోసం చెయ్యి చాపినప్పుడు గుర్తొచ్చిందా, అది ఏటి చోటని? మీరు ఏటికే చోటు వదల్లేదు. నేను పిల్లికి చోటు వదలాలా?

అత్తయ్య: మేం చేసింది తప్పే. ఆ తప్పుకు ఎంత చెల్లించామో మాకు తెలిసింది. ప్రకాశం బ్యారేజీకి ఆరోజు పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వచ్చాయి. నువ్వు అడగని తప్పు ఇంకొకటి చెబుతాను. బ్యారేజీ దగ్గర వరద రోజుల్లో గేట్లెత్తితేనే కిందికి మంచినీళ్లు. మిగతా కాలమంతా నది మీ దగ్గరికి చేరేసరికి ఉప్పుకయ్యే. పైన సాగర్, శ్రీశైలం. మడచెట్టు ఉప్పును తట్టుకుంటుంది కానీ దానికీ అప్పుడప్పుడూ మంచినీరు కావాలి. మడ పలచబడిందంటే అందులో రొయ్యల చెరువుది ఎంత పాపమో, పైనున్న మా నీటి వాడకానిదీ అంత పాపం ఉంది. రైతు ఒక్కడి మీదే నేను వేలెత్తను.

పెదనాన్న: ఇప్పుడు మాట్లాడే మాట మాట్లాడావు.

అత్తయ్య: అయితే మీవైపు తప్పు కూడా చెప్పనీ. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువుల మీద అంత కఠినమైన తీర్పు ఎందుకిచ్చింది? జగన్నాథన్ గారనే గాంధేయవాది తమిళనాడు నుంచి ఎందుకు కోర్టుకెక్కారు? చెరువు నీళ్లు పక్కవాడి వరిచేలో ఊరాయి, తాగే బావిలో ఊరాయి. తర్వాత 2005లో చట్టం తెచ్చి తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టారు, అనుమతులిచ్చారు. అయినా మన డ్రెయిన్‌లో ఏం పారుతోందో వాసనే చెబుతుంది. రోగం వచ్చిన చెరువు నీళ్లు అర్ధరాత్రి డ్రెయిన్‌లోకి వదిలేది ఎవరు? కిందున్న చెరువువాడు అవే తోడుకుంటాడు. బావురుపిల్లి బతికే డ్రెయిన్ బాగుంటే నీ చెరువు కూడా బాగుంటుంది. ఇది ఊహ కాదు, నువ్వు రెండుసార్లు పంట పోగొట్టుకుని తెలుసుకున్నదే.

పెదనాన్న: (నెమ్మదిగా) వదిలేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

అత్తయ్య: మడ ఎందుకు కావాలో చెప్పడానికి ఉప్పెన మాట నేనెత్తను. సొర్లగొందిలో ఏం జరిగిందో నీ కళ్లతో చూశావు.

పెదనాన్న: 77 నవంబర్ 19. నాకు పన్నెండేళ్లు. మడ ఉంటే ఆగేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ నీటిని ఏదీ ఆపదు. కానీ ఒకటి చెబుతాను. ఆ నీళ్లలో చెట్టు పట్టుకున్నవాళ్లలో కొందరు మిగిలారు. అందుకే అడవి కొట్టేటప్పుడు నాకు మనసొప్పదు. నేను మడ కొట్టి చెరువు తవ్వలేదు, చౌడు తవ్వాను. ఈ తేడా నీ పాఠాల్లో ఉండదు.

అత్తయ్య: ఇకమీద ఉంటుంది. సరే, చెప్పు. ఏం చేస్తే నీకు సమ్మతం?

పెదనాన్న: ఒకటి, దొంగతనం చేసినవాణ్ణి చూసినట్టు మమ్మల్ని చూడొద్దు. రెండు, చెరువులో నష్టాన్ని లెక్కకట్టే పద్ధతి ఏదైనా పెట్టాలి. పూర్తిగా ఇవ్వకపోయినా సరే, నష్టం జరిగిందని కాగితం మీద ఒప్పుకోవాలి. మూడు, కెమెరాలు పెడితే మన ఊరి కుర్రాళ్లకే జీతమిచ్చి పెట్టించాలి. సొర్లగొందిలో స్వామినాథన్ ఫౌండేషన్‌వాళ్లు గట్ల మీద మడమొక్కలు వేసి, మధ్యలో పండుగప్ప, పీతలు పెంచి చూపించారు కదా. అలాంటిది చెయ్యమంటే చేస్తాం. మొదటి రెండేళ్లు ఎవరైనా పక్కన నిలబడాలి.

అత్తయ్య: నీ వైపునుంచి?

పెదనాన్న: డ్రెయిన్ వైపు గట్టున జమ్ము కొట్టించను. చేపల చెరువు చుట్టూ నడుమెత్తు వల కడతాను, అది నాకూ మంచిదే. కరెంటు తీగ మాత్రం నేనెప్పుడూ పెట్టలేదు, పెట్టనివ్వను. పందుల కోసం పెట్టిన తీగకు మనుషులే పోతున్నారు. కానీ పక్క గట్టువాడు జమ్ము కొట్టేసి, తీగ పెట్టుకుంటే? పిల్లులన్నీ నా చెరువు మీదే పడతాయి. మంచివాడికే నష్టం. దీనికేం చెబుతావు?

అత్తయ్య: ఒక్కడివే చేస్తే అంతే. డ్రెయిన్ పొడవునా ఉన్న చెరువులవాళ్లంతా కూర్చుని ఒకేసారి ఒప్పుకోవాలి.

పెదనాన్న: మేం నీటి వంతుకే ఒప్పుకోం.

అత్తయ్య: నువ్వు పిలువు. నేను వస్తాను.

పెదనాన్న: వచ్చి పాఠం చెప్పకు. ముందు విను.

అక్కడితో వాదన ఆగింది, తెగలేదు. పెదనాన్న ఇప్పటికీ బావురుపిల్లికి తన చెరువు మీద హక్కుందని అనడు. డ్రెయిన్ గట్టు మీద హక్కుందని ఒప్పుకున్నాడు. నా దృష్టిలో ఈ డెల్టాలో ఆ పిల్లి బతకడానికి ఆ గట్టే ముఖ్యం. మడ ముక్కకూ మడ ముక్కకూ మధ్య అది నడిచే దారి అదే. అభయారణ్యం హద్దుల్ని ఎంత గట్టిగా కాపాడినా, బయట డ్రెయిన్ల పక్కన జమ్ము మిగలకపోతే లోపలున్న పిల్లులు ఒకదానికొకటి అందకుండా పోతాయి. పెదనాన్న అడిగిన నష్టం లెక్క ప్రభుత్వం పెట్టవలసిందే. అది పెట్టనంత కాలం చట్టంలోని ఏడేళ్ల శిక్ష రైతుకు బెదిరింపుగానే వినిపిస్తుంది.

దివిసీమలోనో, రేపల్లె వైపో, కోరింగ దగ్గరో ఉన్న పాఠకులకు ఒక విన్నపం. గట్టు మీద మచ్చల పిల్లి కనిపిస్తే చిరుత అని కేకేసి ఊరిని పోగుచేయకండి. దానికి దారి వదిలితే అదే పోతుంది. వరికోతలప్పుడో, జమ్ము కోసేటప్పుడో రెండు మూడు కూనలు దొరికితే ఇంటికి తెచ్చుకోకండి, చేతుల్లో పట్టుకుని ఫొటోలు దిగకండి. ఆ మూల కోత ఆపి, కూనల్ని ఉన్నచోటే వదిలి, దూరంగా వెళ్లిపోండి, అటవీ రేంజి ఆఫీసుకు కబురు చేయండి. తల్లి పగలు రాదు. చీకటి పడ్డాక వచ్చి ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని తీసుకుపోతుంది.